తెల్లరేవు దాటిన రాజు

నూర్‌జాదా చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు.

గ్యారేజీ అడుగున నేలమాళిగ. బంగాళదుంపలూ జామ్ సీసాలూ దాచుకునే చోటు. పైన మందపాటి చెక్క మూత. మెట్ల కింద, పగిలిన సీసాల మధ్య ఆమె బోర్లా పడి ఉంది. తల వెనక నెత్తురు గడ్డకట్టింది. ఒళ్లంతా చెర్రీ జామ్. ఏది రక్తమో ఏది జామో తెలియక అంబులెన్స్ డాక్టరు కాసేపు తికమకపడ్డాడు.

తర్వాత నాడి దొరికింది.

ఆదివారం ఉదయం ఆమెను కనిపెట్టింది తమ్ముడు ఎర్మెక్. టాక్సీ డ్రైవరు. మూత ఎత్తింది అతనే. ఫోన్ చేసింది అతనే. అంబులెన్స్ వెనకే వచ్చిన పోలీసులు పట్టుకుపోయిందీ అతన్నే.

శనివారం ఉదయం అదే గ్యారేజీ ముందు అక్కాతమ్ముళ్లు పోట్లాడుకున్నారు. టాక్సీ పెట్టుకోవాలి, ఖాళీ చెయ్యమన్నాడు తమ్ముడు. చెయ్యనంది అక్క. "నువ్వూ నీ సీసాలూ ఆ గోతిలోనే ఉండండి" అని అతను అరిచిన అరుపు వీధి వీధంతా విన్నది. సాయంత్రం నాలుగింటికి ఆమె గ్యారేజీలోకి వెళ్లడం ఎదురింటి ముసలాయన చూశాడు. అయిదున్నరకు చూస్తే తలుపుకు తాళం వేసి ఉంది. ఆ గంటన్నరలో ఎర్మెక్ ఎక్కడున్నాడు? కారులో పడుకున్నానన్నాడు. సాక్షి ఎవరు? ఎవరూ లేరు. ఆ తాళానికి రెండో చెవి ఎవరి దగ్గరుంది? అతని దగ్గరే.

"కేసు అయిపోయింది" అన్నాడు మేజర్ శుకుర్‌బెక్. "మంగళవారం మధ్యాహ్నం జడ్జి ముందు పెడదాం. ఆవిడ పోయిందంటే హత్య కేసు. తుర్సునాయ్ గారూ, ఆవిడకి ఎవరో స్నేహితులున్నారట. వాళ్ల స్టేట్‌మెంట్లు తీసి ఫైల్లో పడేయండి. ఊరికే, లాంఛనానికి."

క్యాప్టెన్ తుర్సునాయ్ మోల్దోబయేవాకు బిష్కెక్ పోలీసు శాఖలో ఎవరి మీదా పెద్ద గౌరవం లేదు. మేజర్ మీద అసలే లేదు. లాంఛనం అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఆ పని తనే ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలని ఆమెకు అనుభవం మీద తెలుసు.

స్నేహితులు ముగ్గురు. నూర్‌జాదాతో వాళ్లకున్న స్నేహం ఏమిటో అర్థం చేసుకునేసరికి తుర్సునాయ్‌కి సోమవారం పొద్దుటి పూట మొత్తం పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

నూర్‌జాదా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఆమె ప్రాణం మాత్రం ఇంటర్నెట్‌లో ఉంది. అక్కడొక వెబ్‌సైటు. అందులో ఒక ఊహా రాజ్యం, ఊహా రాజు, ఊహా మంత్రగత్తె. ఉద్యోగాలు చేసుకునే పెద్ద మనుషులు తలా ఒక పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేసిందో వంతులవారీగా రాస్తారు. ఒకడు కత్తి దూసి ఆగుతాడు. రెండు రోజుల తర్వాత రెండోవాడు తీరిగ్గా డాలు అడ్డం పెడతాడు. అలా పదకొండేళ్లుగా ఆడుతున్నారట. ఈ పదకొండేళ్లలో కథలో గడిచింది ఒక్క వేసవి.

నూర్‌జాదా ఈ ఆటకు మాస్టర్. ఇప్పుడు ఎవరి వంతు, ఎవరి సైన్యం ఎక్కడుంది, రేపు ఏం జరగాలి, ఎవరు ఎందుకు అలిగారు, అలక ఎలా తీర్చాలి, అన్నీ ఆమే చూసుకునేది. ఒకరి రాతకూ ఇంకొకరి రాతకూ పొంతన లేకపోతే మధ్యలో నాలుగు ముక్కలు రాసి అతుకు వేసేదీ ఆమే.

మొదట వచ్చినవాడు దానియార్ కెనేశోవ్. యూనివర్సిటీ లెక్చరరు. మెడలో ఉన్ని మఫ్లరు. గదిలో వెచ్చగానే ఉంది, అయినా తియ్యలేదు.

"శనివారం నాలుగు నుంచి అయిదున్నర దాకా ఎక్కడున్నారు?"

"తెల్లరేవు దగ్గర."

"అదెక్కడ? తోక్‌మోక్ వైపా?"

దానియార్ జాలిగా చూశాడు. "తెల్లరేవు మా కథలో యుద్ధభూమి మేడమ్. నేను అర్వాన్ మహారాజుని."

"మహారాజుగారి ఒళ్లు ఎక్కడుంది?"

"ఇంట్లో. కంప్యూటర్ ముందు. నాలుగింటికి యుద్ధం మొదలైంది. నాలుగూ ఇరవైకి లారిసా పోస్ట్ పడింది. నాలుగూ యాభైకి నా జవాబు. నాలుగు పేజీలు! సైట్లో టైమ్ కూడా పడుతుంది, చూసుకోండి."

తుర్సునాయ్ లెక్క వేసుకుంది. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. గ్యారేజీకి వెళ్లడానికే ముప్పావుగంట.

"లారిసా రాసింది చదివాకే మీది రాశారా?"

"రెండుసార్లు చదివాను. రెండుసార్లు చదవనిదే నేను కలం ముట్టను. ఎదుటి రచయిత ఊపిరిని పట్టుకోవాలండీ. అది మీకు... సరే, వదిలేయండి."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఒక్క మాట. ఆవిడ ఇప్పట్లో లేవకపోతే మాకు ఇంకో మాస్టర్‌ని చూసుకోవాలి. డాక్టర్లు ఏమన్నా చెప్పారా?"

తుర్సునాయ్ తర్వాతివాళ్లని పిలిచింది.

రెండోది లారిసా పాక్. నోటరీ. కథలో మంత్రగత్తె. బయట కూడా పెద్ద తేడా లేదనిపించింది.

"ఆఫీసులో ఉన్నాను. క్లయింట్లు ఎదురుగానే కూర్చున్నారు. ఇల్లు అమ్మకం దస్తావేజు. పైకి చదువుతూనే నా పోస్ట్ టైప్ చేశాను."

"ఇల్లు కొన్నవాళ్లకి తెలుసా?"

"వాళ్లకెందుకు తెలియాలి?"

"దానియార్‌కీ మీకూ పడదని విన్నాను."

"ఎవరన్నారు? నా పోస్ట్‌కి గుండె బొమ్మ పెట్టాడు కూడా. నిజం చెప్పాలంటే నాకే సిగ్గేసింది."

"సిగ్గెందుకు?"

"ఏదోలెండి. కథలో గొడవ." ఆమె బ్యాగు సర్దుకుంది. "మళ్లీ ఆట ఎప్పుడు మొదలవుతుందో మీకేమైనా తెలుసా?"

మూడోవాడు తిమూర్. లావుపాటి కుర్రవాడు. కుర్రవాడంటే ముప్పై అయిదేళ్లుంటాయి. వెబ్‌సైటు నడిపేది అతనే. కథలో మరుగుజ్జు వీరుడు. శనివారం బాబాయి కూతురి పెళ్లి విందులో ఉన్నాడు. సాక్ష్యంగా వీడియో చూపించాడు. హాలంతా నాట్యం చేస్తోంది. తిమూర్ ఒక్కడే బల్ల దగ్గర, ముందున్న మాంసం చల్లారిపోతుంటే, ఒళ్లో ఫోన్ పెట్టుకుని రాసుకుంటున్నాడు. వెనక వాళ్లమ్మ తలబాదుకుంటోంది.

"నా పోస్ట్ అయిదూ పదికి పడింది" అన్నాడు గర్వంగా. "రాజు ఉపన్యాసం అవగానే నా గొడ్డలి!"

"నూర్‌జాదాని చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్లావా?"

"సైట్లో పెట్టాం కదండీ. త్వరగా కోలుకోవాలని. అందరూ గుండెలు పెట్టారు."

తర్వాత తుర్సునాయ్ కిందికి, లాకప్‌కి వెళ్లింది. ఎర్మెక్ గోడకానుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"మేడమ్, మా అక్క ఎలా ఉంది?"

పొద్దుటి నుంచి ఆ ప్రశ్న అడిగినవాడు వీడొక్కడే.

"బతికుంది. కళ్లు తెరవలేదు."

"గ్యారేజీ ఎవడిక్కావాలి మేడమ్! నా నోరే పాడు నోరు. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. దాన్ని నేను తోస్తానా?"

"తోసేవాళ్లందరూ అదే మాట అంటారు. కూర్చో" అంది తుర్సునాయ్. పైకొచ్చి కంప్యూటర్ తెరిచింది.

చదవడం మొదలుపెట్టింది.

ఉద్యోగంలో ఆమె చాలా చూసింది. కుళ్లిన శవాలు చూసింది. లంచం తిన్నవాళ్లు రాసిన సంజాయిషీలు చదివింది. ఇంత హింస ఎప్పుడూ పడలేదు. రాజు ప్రతి పోస్టులోనూ గుర్రమెక్కి ఉపన్యాసం ఇస్తాడు. మంత్రగత్తె ప్రతి పోస్టులోనూ పచ్చటి కళ్లతో చూస్తుంది. మరుగుజ్జు ఎవరేం మాట్లాడుతున్నా గొడ్డలి ఊపుతాడు. ఒకడు చలికాలమంటాడు, పక్కవాడు చెట్ల నిండా ఆకులంటాడు. అవతలివాడి మాటకు ఇవతలివాడు జవాబే చెప్పడు. ప్రతి పోస్ట్ కిందా మాత్రం వరసగా గుండెలు. అద్భుతం, అమోఘం, కన్నీళ్లొచ్చాయి. పెళ్లిళ్లలో ఒకరి మొహం ఒకరు చూడకుండా కౌగిలించుకునే బంధువుల్లా ఉన్నారు వీళ్లు అనుకుంది.

మధ్యలో అక్కడక్కడ నాలుగేసి వాక్యాలు. ఆ రాత్రి మంచు ఎలా పడిందో, ఆ మంచులో నిన్నటి ఆకులన్నీ ఎలా రాలిపోయాయో. పేరు లేని ఆ అతుకులు నూర్‌జాదావి. అవి మాత్రం చదవబుద్ధేసింది.

మంగళవారం ఉదయానికి ఆమె తెల్లరేవు యుద్ధానికి చేరింది. లారిసా పోస్ట్ చదివింది. ఆగింది. మళ్లీ చదివింది. తర్వాత దానియార్ నాలుగు పేజీలూ, ఆ తర్వాత తిమూర్ గొడ్డలీ. టీ పియాలా పక్కకు నెట్టి, పళ్ల డాక్టరుకు ఒక ఫోనూ, పొరుగు దేశంలోని అల్మాతీకి ఒక ఫోనూ చేసింది.

పది గంటలకు ముగ్గుర్నీ తన గదికి పిలిపించింది. మేజర్ కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పన్నెండింటికి జడ్జి దగ్గరికెళ్లాలి, తుర్సునాయ్ గారూ."

"వెళ్దాం మేజర్ గారూ. ఎవర్ని తీసుకెళ్లాలో చూసుకుని వెళ్దాం." ఆమె దానియార్ వైపు తిరిగింది. "మీ కథలో నాకొక ముక్క అర్థం కాలేదు. లారిసా గారి పోస్ట్ రెండుసార్లు చదివానన్నారు. చదివాక ఏమనిపించింది?"

"అద్భుతం అనిపించింది. నది మీద మంచు విరిగే ఆ వర్ణన..."

"తర్వాత మీ రాజు నది ఎలా దాటాడు?"

"బొరాన్ మీద. నా తెల్లగుర్రం. అవతలి ఒడ్డున దాని వీపు మీద నుంచే కదా ఉపన్యాసం!"

"తిమూర్, నువ్వు రాసిన దాంట్లో రాజు ఎక్కడున్నాడు?"

"గుర్రం మీదే మేడమ్. శుక్రవారమే అందరం అనుకున్నాం. నూర్‌జాదా ప్లానే అది."

లారిసా మొహం ఎర్రబడింది.

"లారిసా గారూ, మీరు చెప్పండి. గుర్రానికి ఏమైంది?"

"చచ్చిపోయింది" అంది లారిసా మెల్లగా.

దానియార్ ఆమె వైపు తిరిగాడు.

"నేనే ముంచేశాను. మంచు పగలగొట్టి. ఇంకొకరి పాత్రని చంపకూడదని మా రూలు. గుర్రం పాత్ర కాదుగా? పదకొండేళ్లుగా చూస్తున్నానండీ, దాని మీదెక్కి వాగడం. ఒక్కసారన్నా నేల మీద నిలబడతాడేమోనని ప్లాన్ మార్చేశాను."

"ఆయన జవాబు చూళ్లేదా?"

"గుండె పెట్టాడు. సర్లే, సర్దుకున్నాడు అనుకున్నా. ఆ ఉపన్యాసం ఎవరు చదువుతారండీ?"

తుర్సునాయ్ కుర్చీలో వెనక్కి వాలింది.

"నరీన్‌లో మా నాన్న గుర్రాల మంద కాసేవాడు. గుర్రం కుంటితే ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. నువ్వూ కిర్గిజ్ మగాడివే. నీ గుర్రం చచ్చి మూడు రోజులైంది. దాని చావుకి గుండె బొమ్మ కూడా పెట్టావు. ఇంకా దాని మీదే ఊరేగుతున్నావు."

మీరు కాస్తా నువ్వు అయిందని దానియార్ గమనించాడు. మఫ్లరు సర్దుకున్నాడు.

"సరే, చదవలేదు. చదవకపోవడం నేరమా?"

"కాదు. నేరమైతే మీ ముగ్గుర్నీ ఎప్పుడో లోపలేసేదాన్ని. తిమూర్, ఈ సైట్లో ముందే రాసిపెట్టి, ఫలానా టైముకు దానంతటదే పడేట్టు చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. ఆ బటన్ మాస్టర్‌కీ రాజుకీ ఇచ్చాను."

"ఎప్పుడు రాసిపెట్టారో తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది. సైటు నడిపే పానెల్‌లో ఉంటుంది."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ."

తుర్సునాయ్ కళ్లు మూసుకుని తెరిచింది. "ఇప్పుడు అడుగుతున్నాను బాబూ. చూడు."

తిమూర్ ఫోన్ తీశాడు. వేలు ఆడించాడు. ఆ వేలు ఆగిపోయింది. "శుక్రవారం సాయంత్రం పెట్టాడు. శనివారం నాలుగూ యాభైకి పడేట్టు." తలెత్తి దానియార్‌ని చూశాడు. "రాజుగారూ?"

"శనివారం నాకు విపరీతమైన తలనొప్పి" అన్నాడు దానియార్. "పడుకున్నాను. అందుకే..."

"శనివారం వచ్చే తలనొప్పి శుక్రవారమే తెలిసిందా?"

మేజర్ కిటికీ వదిలి దగ్గరికొచ్చాడు.

తుర్సునాయ్ కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పింది. అల్మాతీలో ఒక ప్రచురణ సంస్థ ప్రకటన. త్వరలో వెలువడే కొత్త నవల, తెల్లరేవు. రచయిత దానియార్ కెనేశోవ్. పక్కనే మఫ్లరుతో ఫోటో.

"మీ అందరి రాతల్నీ నూర్‌జాదా ఏడాది పాటు కూర్చుని ఒక్క కథగా కుట్టింది. జ్ఞాపకంగా దాచుకుంటానని అది అడిగి తీసుకున్నావు. నీ పేరు పెట్టి పంపించావు. గురువారం ఈ ప్రకటన ఆమె కంటపడింది. నీకు ఫోన్ చేసింది. వెనక్కి తీసుకో, లేకపోతే ఆదివారం అందరికీ చెప్పేస్తానంది. ఆ సంగతి పళ్ల డాక్టరు దగ్గర చెప్పుకుని ఏడ్చింది కూడా."

లారిసా తెర మీదికి వంగింది. "మంత్రగత్తె పేరు మార్చేశాడు! పచ్చకళ్లు నావి!"

"నా మరుగుజ్జు ఉన్నాడా ఇందులో?" అన్నాడు తిమూర్. "మేడమ్, కొంచెం కిందికి జరపండి."

ఆడమనిషి తల పగిలి ఆస్పత్రిలో పడి ఉంది. తోసినవాడు ఎదురుగా కూర్చున్నాడు. వీళ్లకు కావలసింది అట్ట మీద ఎవరి పేరుందో! తుర్సునాయ్‌కి ఒళ్లు మండిపోయింది.

"నోళ్లు మూసుకుని కూర్చోండి" అంది. ఇద్దరూ కూర్చున్నారు.

"చూశారా? చూశారా?" దానియార్ గొంతు కీచుగా వచ్చింది. "ఇదీ వీళ్ల బతుకు! పదకొండేళ్లలో ఎవడన్నా చదివాడా దాన్ని? నేను పంపకపోతే ఆ సైట్లోనే కుళ్లిపోయేది!"

"నువ్వు చదివావా?"

దానియార్ మఫ్లరు వదులు చేసుకున్నాడు.

"ఆ సంస్థ ఎడిటరుతో పొద్దున మాట్లాడాను. నవల చివర రాజు చనిపోతాడట కదా. నీతో ఆ మాటంటే, ఎవరు చంపారని నువ్వే అడిగావట. రచయిత హాస్యమాడాడనుకుని ఎడిటరు నవ్వుకున్నాడు పాపం."

"నేను చంపాలని వెళ్లలేదు" అన్నాడు దానియార్. రాజు పోయాడు, లెక్చరరూ పోయాడు, చెమట పట్టిన మనిషొకడు మిగిలాడు. "శనివారం సాయంత్రం గ్యారేజీలో సీసాలు సర్దుకుంటానని తనే చెప్పింది, బతిమాలుకోవడానికి వెళ్లాను. వినలేదు. మాటా మాటా పెరిగింది. కోపంలో చెయ్యి తగిలింది, పడిపోయింది. అంతే!"

"చెయ్యి తగిలి ఆమె పడింది. మూత కూడా చెయ్యి తగిలే పడిందా?"

లేవబోయిన దానియార్‌ని మేజర్ భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"తాళం కూడా చెయ్యి తగిలే పడిందా? కోపం శనివారం వచ్చిందంటున్నావు. నాలుగు పేజీల సాక్ష్యం శుక్రవారమే రాసిపెట్టుకున్నావు. నువ్వు ముందు ఉపన్యాసం రాశావు. బాగుందో లేదో చూసుకుని ఉంటావు. తర్వాత టైము పెట్టావు. మర్నాడు బస్సెక్కి మనిషిని చంపడానికి వెళ్లావు."

మేజర్ గొంతు సవరించుకున్నాడు. "జడ్జి దగ్గరికి... వీణ్ణే తీసుకెళ్దామంటారా?"

"లాంఛనానికి" అంది తుర్సునాయ్.

నూర్‌జాదా ఫోనూ, గ్యారేజీ తాళంచెవీ దానియార్ యూనివర్సిటీ బల్ల సొరుగులో దొరికాయి. వాటిని పారేసే పాటి బుద్ధి కూడా లేకపోయింది.

నూర్‌జాదా గురువారం కళ్లు తెరిచింది.

శుక్రవారం మధ్యాహ్నం తుర్సునాయ్ స్టేట్‌మెంట్ కోసం ఆస్పత్రికి వెళ్లింది. తలకు కట్టు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చెప్పగలిగింది చెప్పింది. మెట్లు దిగబోతుంటే వెనక నుంచి తోశాడు. వెలుతురు పోయింది. అంతే గుర్తుంది.

కాగితాలు మడుస్తుంటే నూర్‌జాదా అడిగింది. "వాళ్లెవరైనా వచ్చారా?"

తుర్సునాయ్‌కి ఊరడింపు మాటలు చేతకావు. "రాలేదు. నీ పుస్తకం మీద ఎవరి పేరుండాలో తేల్చుకోవడానికి లాయర్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆట ఆగిపోయింది. నువ్వు లేకపోతే వాళ్లకి ఇవాళ ఏ వారమో కూడా తెలియదు."

నూర్‌జాదా గోడ వైపు తిరిగింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. నీళ్లు చెవిలోకి జారాయి.

తలుపు తోసుకుని ఎర్మెక్ వచ్చాడు. ఒక చేతిలో సూపు గిన్నె, రెండో చేతిలో ఫోను. అక్కను చూశాడు, క్యాప్టెన్‌ని చూశాడు. ఏదో జరిగిందని తెలిసింది, ఏం చెయ్యాలో తెలియలేదు. మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఇందాక ఎంతవరకు చదివాను? వంతెన దగ్గరేనా?" అని ఫోన్‌లో ఆ సైటు తెరిచి, బడిపిల్లాడిలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు. రెండు పేరాలు చదివి విసుగ్గా తలెత్తాడు.

"ఇదేం చెత్తే అక్కా! ఈ రాజు నోరెప్పుడు మూస్తాడు?"

నూర్‌జాదా నవ్వబోయింది. కుట్లు లాగి అమ్మా అంది. మళ్లీ నవ్వింది.

"ఆ పేజీ వదిలెయ్" అంది. "తర్వాత మంచు పడుతుంది. అది నేను రాశాను. అక్కణ్నించి చదువు. మెల్లగా."